సముద్రం లేని ఊళ్ళో చేపల విందు

“మాస్టారూ, మీకు సముద్రమే లేదు కదా, చేప రుచి ఏం తెలుస్తుందండీ?” అని నన్ను ఆటపట్టించే సహాధ్యాపకుడొకాయన మా కళాశాలలో ఉన్నాడు. ఆయనది దివిసీమ. నాది సుల్తానాబాదు. మా ఊరినుంచి మూడువందల కిలోమీటర్లు దాటితేగాని అల కంటబడదు. అందుచేత నవ్వి ఊరుకునేవాణ్ణి.

అలాగని సముద్రం మాకు బొత్తిగా తెలియకపోలేదు. నా చిన్నతనంలో అంగడినాడు గోనెపట్టాలమీద ఎండు రొయ్యలూ, ఉప్పుచేపలూ కుప్పలు పోసేవారు. మా నాయనమ్మ ఏనాడూ సముద్రం చూసి ఎరుగదు. కాని చింతచిగురులో ఆ రొయ్యలు వేసి వండిందంటే వాసన వీధి చివరిదాకా పోయేది. సముద్రం మా ఇంటికి అలా ఎండి, ఉప్పులో ఊరి వచ్చేది. పచ్చి చేప మాత్రం మా మానేటిదే, మా చెరువులదే. మానేరు మంథని ప్రాంతంలో గోదావరిలో కలుస్తుంది. ఆ గోదావరి సముద్రంలో కలుస్తుంది. అయినా సముద్రంనుంచి ఏటికి ఎదురీదే పులస మాదాకా రాలేదు. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట దాని దారికి అడ్డం.

ఈ ఏడు మృగశిర కార్తె ప్రవేశించిన రోజున మిత్రుణ్ణి మావైపు తీసుకువెళ్ళాను. మేము దాన్ని ‘మిరుగం’ అంటాం. ఆ రోజు చేప వండని ఇల్లు అరుదు. చేప తిననివారు బెల్లంలో ఇంగువ కలుపుకుని మింగుతారు. ఎండలు తగ్గి వానలు మొదలయ్యే వేళ ఒంటికి మంచిదని పెద్దల నమ్మకం.

ముందుగా ఎలగందల కోట చూపించాను. 1905 దాకా ఈ జిల్లాకు పేరిచ్చిన ఊరది. కాకతీయులు మొదలుకొని నిజాముల దాకా ఏలినవారెవరూ మానేటి ఒడ్డునున్న ఆ గుట్టను వదులుకోలేదు. పైనుంచి చూస్తే దిగువ మానేరు జలాశయం తళతళలాడుతున్నది.

“ఇది సముద్రం కాదా మరి!” అన్నాను.

“ఉప్పేదండీ?” అన్నాడాయన.

కోట దిగేసరికి ఇద్దరికీ కరకర ఆకలి. కరీంనగరం మీదుగా ఆనకట్ట వైపు వచ్చి, హైదరాబాదు రోడ్డు పక్కనున్న ఒక చిన్న చేపల హోటల్లో కూర్చున్నాం. రేకుల కప్పు, నాలుగు బల్లలు, ముందు పెద్ద పెనం. బోర్డుమీద మాత్రం ‘సీ ఫుడ్’ అని ఘనంగా రాసి ఉంది! మిత్రుడికి ప్రాణం లేచివచ్చింది. “వంజరం ఉందా అమ్మా? చందువ?” అని అడిగాడు.

హోటలు నడిపే ఆమెకు యాభై దాటి ఉంటాయి. దాపరికం లేని మనిషి. “ఉన్నై సారూ, ఐసుపెట్టెల వచ్చినై. గాని గా రవ్వ పొద్దున వలల పడ్డది. కొర్రమట్ట తొట్టిల ఇంకా ఈదుతున్నది. మీ ఇష్టం” అన్నది.

కొర్రమట్ట గాలి కూడా పీల్చగలదు కనుక, నీళ్ళలోంచి తీసినా చాలాసేపు బతుకుతుంది. ఇప్పుడది తెలంగాణ రాష్ట్రపు చేప. ఆమె దాన్ని బూడిదతో రుద్ది, ఉప్పుతో కడిగి, చింతపండు పులుసులో వేసింది. రవ్వ ముక్కలకు కారం, పసుపు, అల్లం ఎల్లిగడ్డ పట్టించి పెనంమీద కాల్చింది. మొదటి ముద్దకు మిత్రుడు మాట్లాడలేదు. రెండో ముద్దకు, “మావైపు ఇందులో మామిడికాయ వేస్తారండీ” అన్నాడు. మూడోసారి పులుసు తానే అడిగి వేయించుకున్నాడు.

“ఇంత మంచి చేప ఎక్కడిదమ్మా?”

ఆమె గరిటెతో జలాశయం వైపు చూపించింది. వానలు ఇంకా పడలేదు, నీళ్ళు బాగా తగ్గి ఉన్నాయి. దూరంగా ఏదో నల్లగా పైకి తేలి ఉంది.

“గదీ, మా ఊరి గుడిగోడ సారూ. దాని పక్కపొంటే మా ఇల్లుండె. డ్యాము కట్టెటప్పుడు నేను చిన్నపోరిని. మా నాయన ఏట్ల చేపలు పట్టెటోడు. ఇల్లు పోయింది, చేప మిగిలింది.”

1974లో మొదలై 1985లో ముగిసిన ఆనకట్ట అది. ఇరవైనాలుగు టీఎంసీల నీళ్ళని విద్యార్థులకు ఎన్నిసార్లో చెప్పి ఉంటాను. ఆ నీళ్ళకింద పొయ్యిలున్నాయని ఏనాడూ చెప్పలేదు.

మిత్రుడు చాలాసేపు ఆ గోడకేసే చూశాడు. “మీకు ముందుగా చెప్పి లేపారు కదమ్మా. 1977 నవంబరు 19 రాత్రి మా సముద్రం చెప్పకుండానే వచ్చింది. మా తాతగారి ఇంట్లో ముగ్గురు పోయారు” అన్నాడు. పదేళ్ళ స్నేహంలో ఈ మాట నాతో ఎన్నడూ అనలేదు.

ఆమె ఏమీ అనలేదు. పెనంమీదినుంచి ఇంకో ముక్క తీసి ఆయన పళ్ళెంలో వేసింది.

“తినుండ్రి సారూ, సల్లారుతది.”

తిరుగు ప్రయాణంలో ఆయన సముద్రం ఊసెత్తలేదు. మీరెప్పుడైనా ఆ దారిన పోతే బోర్డు చూసి మోసపోకండి. పొద్దున వలలో పడ్డ చేప ఏదో అడగండి. తింటూ ఒక్కసారి నీళ్ళవైపు కూడా చూడండి.