పూత తుంచడమే కష్టం

డాబా మీద కుండీలో బంగినపల్లి అంటు. మోకాలెత్తు కూడా లేదు, సంక్రాంతికల్లా నిండా పూత! కొన్నప్పుడే చెప్పాడు కడియం నర్సరీ ఆయన, మొదటి రెండు మూడేళ్లు పూత తుంచేయాలండీ అని. వేరు కుదురుకోకముందే కాయ మోస్తే మొక్క ఎదగదు. తెలుసు. తెలిసినా చెయ్యి రాదే! అత్తయ్యైతే "పూసిన పూత తుంచుతారుటే ఎవరైనా" అని సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు.

అంటు కట్టిన చోటుకి కింద చిగుళ్లొస్తే మాత్రం మొహమాటం అక్కర్లేదు, గిల్లి పారేయడమే. అవి కింది మొక్కవి, మనం డబ్బులు పోసి కొన్న రకానివి కావు. సపోటాది ఇంకా తమాషా. చాలావాటికి కింద ఉండేది పాల చెట్టు. ఏమరుపాటుగా ఉన్నామా, అదే పెరిగి పైనున్న సపోటాని మింగేస్తుంది.

నీళ్లంటారా, మట్టిలో వేలు పెట్టి చూసి, పొడిగా తగిలితేనే.

అసలు వినోదమంతా నిమ్మ మొక్క దగ్గర. ఆకు మీద పిట్ట రెట్ట కదా అని తుడవబోతే కదిలింది! సీతాకోకచిలుక పిల్లపురుగు. కాస్త పెద్దదయ్యాక పచ్చగా మారుతుంది. ముట్టుకుంటే తల వెనక నుంచి ఎర్రటి కొమ్ములు రెండు బయటికి చాచి, ఘాటైన వాసన వదులుతుంది. లేత చిగుళ్లన్నీ దానికే ఫలహారం. చంపబుద్ధి కాక, ఏరి పక్కనున్న కరివేపాకు మొక్క మీద వేశాను, అదీ తింటుందిగా అని.

బాగానే తింటోంది. చారులోకి కరివేపాకు పక్కింటి పిన్నిగారిని అడుగుతున్నాం.