ముంజకాయల బండి

మే నెలలో వర్క్ ఫ్రమ్ హోమ్ అడిగి ఊరికొచ్చా. అక్క కొడుకు, ఐదేళ్లోడు, రెండు రోజుల్లోనే నా ఫోన్ పాస్‌వర్డ్ కనిపెట్టేశాడు. ఫోన్ మాన్పిద్దామని ఆన్‌లైన్‌లో క్రాఫ్ట్ కిట్ తెప్పిస్తే అరగంటలో ముక్కలు చేశాడు.

ఆ సాయంత్రం ముంజలు తిన్నాక ఖాళీ కాయలు పారేయబోతుంటే, "ఉండరా, బండి చేద్దాం" అన్నారు నాన్న. పక్షవాతం వచ్చాక ఆయన కుడిచెయ్యి సరిగ్గా లేవదు. అందుకే ఆయన చెప్పడం, నేను చెయ్యడం.

ఒకే సైజు కాయలు రెండు. మధ్యలో ఇరుసుగా జానెడు గట్టి పుల్ల. తోయడానికి పంగ ఉన్న పొడవాటి కర్ర. ఇంతే కదా అనుకున్నా. తీరా చేశాక బండి తాగినోడిలా ఊగింది! "ఇంజనీరింగ్ చదివావుగా, నడిమధ్యలో గుచ్చాలని తెలీదూ?" అంటూ నాన్న పగలబడి నవ్వారు. ఆ నవ్వు విని చాలా నెలలైంది. మళ్లీ విప్పి, కొలిచి గుచ్చా. (కత్తి పని మాత్రం పిల్లలకి ఇవ్వకండి.)

బుడ్డోడు వాకిట్లో నాలుగు రౌండ్లు కొట్టి, కర్ర తెచ్చి తాతయ్య ఎడమచేతిలో పెట్టాడు. "తాతా, ఇప్పుడు నువ్వు తోలు."

డాక్టర్ చెప్పినా, మేం బతిమాలినా గేటు దాటని మనిషి! నేను పక్కనే చెయ్యి పట్టుకుని నడిచా. వీధి చివరి దాకా వెళ్లొచ్చాం.

మూడో రోజుకి కాయలు ఎండి పగిలాయి. పొద్దున్నే తాతా మనవళ్లిద్దరూ తయారై కూర్చున్నారు, ముంజలు కొనుక్కురమ్మని. నాకేమో పదింటికి మీటింగ్.