ఒక పాత కారు: లోపము, ఆగమము, ఆదేశము

33 ఏళ్ళు పిల్లలకు సంధులూ సమాసాలూ చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న తెలుగు పండితుడు పాత కార్ల గురించి రాయబూనడం మిత్రులకు వింతగా తోచవచ్చు. నాకు కారు నడపడం రాదు. సైకిలు దాటి నా వాహనయోగం ముందుకు సాగలేదు. అయినా రెండేళ్ళ క్రితం ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్ నగరంలో, మా అబ్బాయి ఇంట ఉన్న ఆరు నెలల్లో, పైకప్పు మడిచే రెండు సీట్ల కారు ఒకటి కొనే సందర్భంలో నేనూ వెంట నడిచాను. అప్పుడు నేర్చినది నలుగురికీ పనికివస్తుందని ఈ టపా. ఇందులో ఒక పాత బాకీ కూడా ఉంది. దాని సంగతి చివర చెబుతాను.

మావాడు కోరుకున్నది మాజ్దా వారి మియాటా. 1989 ఫిబ్రవరిలో షికాగో వాహన ప్రదర్శనలో తొలిసారి లోకానికి కనిపించిన బండి. ముందున్న రెండు దీపాలూ కావలసినప్పుడు కనురెప్పలు విప్పినట్టు పైకి లేస్తాయి. మియాటా అన్నది ప్రాచీన జర్మను మాట అనీ, బహుమానమని దాని అర్థమనీ మావాడు చెప్పాడు. వ్యుత్పత్తి చెప్పి తండ్రిని బుట్టలో వేసుకోవచ్చునని వాడికి చిన్ననాడే తెలుసు. 2016 నాటికి ఈ బళ్ళు పది లక్షలు తయారయ్యాయట. కాబట్టి పాతవి దొరకడం కష్టం కాదు. మంచిది దొరకడమే కష్టం.

మొదట చూడబోయినది 1991 నాటిది. ఎర్రని రంగు, అద్దంలా మెరుపు. అమ్మే ఆయన పాత బళ్ళు కొని, బాగుచేసి అమ్మే వ్యాపారి. "ఎక్కడా చుక్క తుప్పు లేదు" అని మేము అడగకముందే చెప్పాడు. అడగని ప్రశ్నకు జవాబు చెప్పే విద్యార్థిని నేను ఎప్పుడూ కాస్త పట్టి చూసేవాణ్ణి.

వెళ్ళే ముందు రెండు రాత్రులు మావాడు కంప్యూటరు ముందు కూర్చుని తెలుసుకున్నదంతా నాకు వినిపించాడు. వింటున్నకొద్దీ ఇదంతా నాకు తెలిసిన శాస్త్రమే అనిపించసాగింది. వ్యాకరణంలో మాటకు జరిగే మార్పులు మూడు. ఉన్నది పోతే లోపం. లేనిది వచ్చి చేరితే ఆగమం. ఒకదాన్ని తొలగించి దాని చోట మరొకటి కూర్చుంటే ఆదేశం. ఆగమం మిత్రుని వంటిదనీ, ఆదేశం శత్రువు వంటిదనీ మా గురువులు చెప్పేవారు. పాత బండిలో వెతకవలసినవీ ఈ మూడే.

ముందు లోపం. మామూలు కారుకు పైకప్పు కూడా బలమిస్తుంది. పైకప్పు మడిచే కారుకు ఆ ఆసరా లేదు కనుక బరువంతా కింది చట్రమూ, తలుపుల కింద ఇరువైపులా సాగే గుమ్మాల వంటి భాగాలూ మోయాలి. అక్కడ తుప్పు పడితే ఇంటికి పునాది కుళ్ళినట్టే. ఈ బండిలో తుప్పుకు ప్రియమైన చోటు వెనక చక్రాలకు సరిగ్గా ముందు ఉంటుంది. కారణం చిత్రమైనది. గుడ్డ కప్పు మీద పడిన వాన నీరు వెనక అంచున ఒక కాలువలోకి జారి, సీట్ల వెనక రెండు పక్కలా ఉన్న గొట్టాల గుండా బండి కిందికి పోవాలి. ఆకులూ మట్టీ చేరి ఆ గొట్టాలు పూడుకుంటే నీరు గుమ్మాల లోపలికో, తివాచీ కిందికో దారి చూసుకుంటుంది. ఇనుము లోపలినుంచి తింటూ వచ్చి, పైకి కనిపించేసరికి మిగిలేది రంగు పొర మాత్రమే. పైగా ఒహాయోలో చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. పైనుంచి నీరు, కిందినుంచి ఉప్పు. కనుక కప్పు అంచున గ్లాసెడు నీళ్ళు పోసి, అవి వెనక చక్రాల ముందు వెంటనే ధారగా కారుతున్నాయో లేదో చూడాలి.

నేను వెంట ఒక అయస్కాంతం తీసుకువెళ్ళాను. కోడలి ఫ్రిజ్ మీద రెండున్నాయి. ఒకటి వేంకటేశ్వరస్వామిది. ఆయన్ని పరాయివాడి బండి అడుగున ఆనించడానికి మనసొప్పక రెండోది, మామిడిపండు బొమ్మది, జేబులో వేసుకున్నాను. రంగు గీరుకోకుండా జేబురుమాలు చుట్టి తలుపు మీద పెడితే అంటుకుంది. గుమ్మం ముందు భాగాన అంటుకుంది. వెనక చక్రం దగ్గరికి జరిపేసరికి మామిడిపండు రాలి కింద పడింది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ రాలింది. అక్కడ ఇనుము లేదు. పూత పూసి నునుపు చేసిన పిండి ఉంది. పైన పటారం, లోన లొటారం.

తలుపు తీసి లోపలికి వంగితే వాసన. వానాకాలం సెలవుల తరవాత బడి గ్రంథాలయం తలుపు తీస్తే వచ్చే చెమ్మ వాసన. ఆ గదికి పదకొండేళ్ళు తాళంచెవి నా దగ్గరే ఉండేది. ఆ వాసన విషయంలో నన్నెవరూ మోసం చేయలేరు. సీటు వెనక తివాచీ ఎత్తి చెయ్యి పెడితే తడి తగిలింది.

తరువాతది ఆదేశం. ఈ కార్ల బానెట్టు మీద, ముందు రెక్కల మీద, తలుపుల మీద బండి గుర్తింపు సంఖ్య ముద్రించిన చిన్న చీటీలు కంపెనీవారే అంటిస్తారు. ప్రతి చీటీ మీదా ఆ సంఖ్యే ఉండాలి. ఈ బండి తలుపులకు చీటీలున్నాయి. బానెట్టుకూ, ఎడమ రెక్కకూ లేవు. అంటే ఆ రెండూ వేరే బండివో, కొత్తవో. ఎందుకు మార్చారో వ్యాపారి చెప్పలేదు. ఎదురుదెబ్బ తగలకుండా బానెట్టూ రెక్కా కలిసి మారవు.

ఇక ఆగమం మిత్రుడన్నాను కానీ బళ్ళ విషయంలో అన్ని ఆగమాలూ మిత్రులు కావు. తలకిందులైతే తలకు రక్షణగా సీట్ల వెనక బిగించే ఉక్కు కమాను మంచి ఆగమం. ఎవరో కుర్రవాడు తెంపి అతికిన తీగలు, బండిని నేలకు దించడానికి కోసిన స్ప్రింగులు దుష్ట ఆగమాలు.

ఇంజను సంగతి కూడా చెప్పాలి. 1990, 1991 నాటి మొదటి బళ్ళలో క్రాంక్‌షాఫ్ట్ కొస పొట్టిది. టైమింగ్ బెల్టు మార్చినప్పుడు అక్కడి పెద్ద బోల్టును సరైన బిగువుతో బిగించకపోతే కొస అరిగి, ఇంజను విప్పవలసిన గతి పడుతుంది. పుల్లీకి నాలుగు గాళ్ళుంటే పొట్టి కొస, ఎనిమిదుంటే తరువాతి పొడుగు కొస అని గుర్తు. ఆ బెల్టు 60,000 మైళ్ళకొకసారి మార్చాలి. ఎప్పుడు మార్చారంటే వ్యాపారి దగ్గర రసీదు లేదు. ఇంత పాత బళ్ళు చేతులు మారేటప్పుడు మైళ్ళ లెక్క రాసి ఇవ్వాలన్న నిబంధన కూడా అమెరికాలో వర్తించదు. కనుక మీటరులోని అంకెకన్నా మరమ్మతు రసీదుల కట్టే నమ్మదగ్గ సాక్షి.

ఇంత చూసినా మావాడి కళ్ళు ఆ ఎరుపు మీదే ఉన్నాయి. "ధర తగ్గిస్తానంటున్నాడు, తుప్పు బాగు చేయించుకోవచ్చు" అన్నాడు. నేను వద్దన్నాను. మళ్ళీ వద్దన్నాను. వాడు విసుగ్గా, "మీకు కార్ల గురించి ఏం తెలుసు నాన్నగారూ?" అన్నాడు. నిజమే. తిరుగుదారిలో ఇద్దరం మాట్లాడుకోలేదు.

పదిహేను రోజుల తరువాత చూసినది 1995 నాటిది. అమ్మేది డెబ్బై దాటిన పెద్దాయన. తెల్లరంగు వెలిసిపోయి ఉంది. కప్పు వెనకనున్న ప్లాస్టిక్ కిటికీ పసుపెక్కి, మడత పడ్డ చోట చీలింది. ఆయన ముందు ఆ చీలికనే చూపించాడు. "చలిలో జిప్పు తియ్యకుండా కప్పు మడిచాను, తప్పు నాదే" అన్నాడు. మడిచే ముందు ఆ కిటికీ జిప్పు తీసి పరచాలట; చలిలో ప్లాస్టిక్ పెళుసవుతుంది కనుక అప్పుడసలు మడవకూడదట. ఇంజను చల్లగా ఉన్నప్పుడు టకటకమనే చప్పుడు ఆయనే వినిపించాడు. వాల్వుల మీది లిఫ్టర్లలోకి నూనె చేరేదాకా వచ్చే చప్పుడది, ప్రాణాంతకం కాదు. నూనె ఒత్తిడి ముల్లు చూపించి నవ్వాడు. 1995 నుంచి ఆ ముల్లు నిజం చెప్పదట. ఒత్తిడి ఉంటే చాలు, మధ్యకు వచ్చి నిలబడుతుందట. ఆయన దగ్గర రసీదుల పుస్తకం ఉంది. మామిడిపండు ఎక్కడా రాలలేదు. గ్లాసెడు నీళ్ళూ రెండు పక్కలా సుఖంగా దిగిపోయాయి.

అయినా అక్కడే డబ్బు ఇవ్వలేదు. ఇది అందరూ పాటించవలసిన నియమం: అమ్మేవాడికి సంబంధం లేని మెకానిక్కు దగ్గరికి తీసుకువెళ్ళి బండిని పైకెత్తించాలి. ఆయన సిలిండర్ల ఒత్తిడి కొలిచాడు. జాకీ తప్పుచోట పెట్టి కింది పట్టీలు నలిపారా అని చూశాడు. ఇంజను వెనకవైపు నూనె చెమ్మ చూపించి, చిన్న రబ్బరు వలయం మారిస్తే పోతుందన్నాడు. క్లచ్చి సిలిండరు కారుతోందనీ, డిక్కీలోని బ్యాటరీ ఈ బండికి తగినది కాదనీ, దాని ఆవిరి డిక్కీ గొట్టుకు తుప్పు తెస్తుందనీ చెప్పాడు. అవన్నీ కాగితం మీద వేసి, ఆ మేరకు ధర తగ్గించి కొన్నాం. పెద్దాయన బేరమాడలేదు.

మర్నాడు సాయంత్రం మావాడు కప్పు మడిచి నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఊరు దాటాక మొక్కజొన్న చేల మధ్య దారి. గాలికి ఉత్తరీయం నిలవక, మడిచి ఒళ్ళో పెట్టుకున్నాను. ఎండ పక్కనుంచి పడుతుంటే వాడి గడ్డం కింది మచ్చ కనిపించింది.

ఆ మచ్చ 1997 నాటిది. అప్పుడు వాడికి పదేళ్ళు. తెనాలిలో ఒకరి దగ్గర పాత సైకిలు కొన్నాను. నీలం రంగు తళతళ చూసి మురిసిపోయానే గాని, వంగి చూడలేదు. మూడో నెలలో బడికి పోతుండగా హాండిలు కింది గొట్టం తెగి వాడు బోర్లా పడ్డాడు. గడ్డానికి నాలుగు కుట్లు. ఆసుపత్రి బల్ల మీద ఉన్న పిల్లవాణ్ణి, "చూసుకుని తొక్కొద్దుట్రా?" అని అందరి ముందూ కసిరాను. ఇంటికి వచ్చి చూస్తే తెగిన చోట రంగు కింద పాత అతుకు ఉంది. ఆ మాట వాడికి చెప్పలేదు. సైకిలు తూకానికి అమ్మేశాను.

ఆ సాయంత్రం చెప్పాను. తప్పు తొక్కడంలో లేదురా, కొనడంలో ఉంది అన్నాను.

వాడు కాసేపు రోడ్డే చూశాడు. "తెలుసు నాన్నగారూ. ఆ అతుకు కొన్న వారానికే నేను చూశాను."

"మరెందుకు చెప్పలేదురా?"

"మీరు అప్పటికే మాస్టర్లందరికీ చూపించి వచ్చారు."

తరువాత వాడు గేరు మార్చాడు. గాలి మోతలో నేనేమన్నానో వాడికి వినిపించిందో లేదో తెలియదు.

ఇండియాకు వస్తున్నప్పుడు కోడలు మామిడిపండు అయస్కాంతం నా పెట్టెలో పెట్టింది. ఇప్పుడు అది మా ఇంటి బీరువా తలుపు మీద ఉంది. మిత్రుల్లో ఎవరైనా పాత బండి కొనబోతుంటే అడిగి తీసుకువెళ్ళవచ్చు.