ఒకే తూటా, రెండు తుపాకులు

ఆగండాగండి, ఎక్కడికా పరుగు? రుద్రారం గణపతి గుడికేనా? హారతికింకా టైముంది. జర ఇట్ల రండి, మంచి ముచ్చట ఒకటుంది.

టెక్సాస్‌లో ఉన్న మా మేనల్లుడికి గ్రీన్‌కార్డు వచ్చింది. స్వీట్లు తర్వాత పంచుతా, ముందు అసలు సంగతి వినండి. వాడు లీవర్ యాక్షన్ రైఫిల్ కొంటాడట! హెచ్1బీ మీదున్నన్నాళ్లూ కుదరలేదు. వేట లైసెన్సు లాంటి మినహాయింపుంటే తప్ప అక్కడ ఆ వీసావాళ్లు తుపాకీ పట్టకూడదు. ఇప్పుడు "ఏది కొనాలి మామా?" అంటాడు. ఇంత ముద్దొచ్చే ప్రశ్న ఇంకోటుంటుందా, మీరే చెప్పండి!

లీవర్ యాక్షన్ తెలీదా? 1971లో కృష్ణగారి 'మోసగాళ్లకు మోసగాడు' చూసి ఈలలేసినవాళ్లు కూడా ఇట్లా అడిగితే ఎట్లా? ఆ కౌబాయ్ లోకపు తుపాకీయే ఇది. ట్రిగ్గర్ కింద వేళ్లు దూర్చి లీవర్ కిందికి తోస్తే, పేలిన గుల్ల ఎగిరి బయటపడుతుంది. పైకి లాగితే కొత్త తూటా లోపలికెళ్తుంది. టకాటకా ఆ చప్పుడు వింటే చాలు, ప్రాణం లేచొస్తుంది.

అందులోనూ రివాల్వర్ తూటాది అయితేనే అసలు మజా. 1873లో వించెస్టర్ కంపెనీ .44-40 తూటాతో రైఫిల్ తెచ్చింది. 1878లో కోల్ట్ కంపెనీ అదే తూటాకు రివాల్వర్ చేసింది. నడుముకు ఒకటే పట్టీ, రెండు తుపాకులకూ ఒకటే తూటా! ఇంట్లో అందరి ఫోన్లకూ ఒకే చార్జర్ సరిపోయినంత సుఖం.

మరి వాడికి ఏ తూటాది? .44 మాగ్నమ్ కావాలంటాడేమో. అడవిపందుల వేటకైతే అదే మేలు. గురి చూసి డబ్బాలు పడగొట్టే సరదాకైతే .357 మాగ్నమ్ చాలు. చవకైన .38 స్పెషల్ తూటాలు కూడా అందులో పేలతాయి. .38 తుపాకీలో మాత్రం మాగ్నమ్ పెట్టకూడదు సుమా! పైగా రైఫిల్ గొట్టం పొడుగు కదా, మందు పొగ తూటాను ఎక్కువసేపు నెడుతుంది. రివాల్వర్‌లో సెకనుకు 1,250 అడుగుల వేగమున్న తూటా ఇందులో 1,700 కూడా దాటొచ్చు.

ఏ రకం అంటారా? జాన్ బ్రౌనింగ్ గీసిన 1892 వించెస్టర్ అంటే నాకు ప్రాణం. తేలిక, నాజూకు. కానీ గుల్ల పైకి ఎగురుతుంది, దుర్భిణి బిగించడం కష్టం. మావాడికి సోడాబుడ్డి కళ్లద్దాలాయె. మార్లిన్ 1894లో గుల్ల పక్కకు పోతుంది, పైన దుర్భిణికి చోటుంటుంది. వాడికదే ఖాయం చేశా.

ఇంకో మాట. తూటాలు నింపే గొట్టంలాంటి మ్యాగజైన్‌లో అవి ఒకదాని వెనక ఒకటి నిలబడతాయి. వెనకదాని మొన ముందుదాని అడుగునున్న మందు బొట్టును (ప్రైమర్) పొడిస్తే ప్రమాదం. అందుకే మొండిముక్కు తూటాలే వాడాలి.

మన పక్కన ఎద్దుమైలారం ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలో దొరకదా అంటారా? భలేవారే! అక్కడ చేసేది బీఎంపీ-2 యుద్ధవాహనాలండీ!

వంద మీటర్లు దాటితే దీని పస తగ్గుతుందని మూతి విరిచేవాళ్లున్నారు. విరవనీండి. ఆ వంద మీటర్లలోపు ఇంత ఆనందమిచ్చే తుపాకీ ఇంకోటి చూపించమనండి చూద్దాం!