కారు నేలకు చిల్లులు, నా శ్రీమతికి తలనొప్పి

ఈసారి ఒక వైద్యుడు చేసిన పొరపాటును మీ ముందుంచుతున్నాను. ఆ వైద్యుడిని నేనే.

రాజంపేటలో మా ఇంటి ముందు 1986లో కొన్న పెట్రోలు అంబాసిడర్ ఉంది. ఆ కార్ల తయారీ 2014లోనే ఆగిపోయింది. నేను మాత్రం నా కారును వదలలేదు. 2021 నవంబరు 19న అన్నమయ్య జలాశయం కట్ట తెగి చెయ్యేరు ఊళ్ళను ముంచెత్తిన నాడు, అది మా బంధువుల గ్రామంలో కాస్త ఎత్తైన చోట ఉంది. కొట్టుకుపోలేదు గాని, లోపలికి నీరు, ఒండ్రు చేరాయి. ఎన్నో ప్రాణాలు పోయిన ఆ రోజున కారు గురించి ఎవరు ఆలోచిస్తారు? తరువాత పైపైన కడిగించి ఊరుకున్నాను. మ్యాట్ల కింద తడి అలాగే నిలిచిపోయింది.

రెండేళ్ళు గడిచాక, తిరుపతికి వెళ్ళినప్పుడల్లా వెనుక సీటులో కూర్చున్న నా శ్రీమతికి తలనొప్పి, వికారం మొదలయ్యాయి. ప్రయాణం పడటం లేదని తేల్చి మాత్ర ఇచ్చేవాడిని. పక్కనే మనవడు మత్తుగా నిద్రపోయేవాడు. కారు ఊపుకు హాయిగా పడుకున్నాడని మురిసిపోయాను. అద్దం దించుకొని కారు నడిపే నాకు ఏ బాధా లేదు. ఒకసారి అనుమానం వచ్చి, కరోనా కాలంలో కొన్న ఆక్సీమీటరును ఆమె వేలికి పెట్టాను. 98 చూపింది. నిశ్చింతగా ఉన్నాను.

డిక్కీలో తుప్పు కనబడితే టింకరింగ్ షెడ్డుకు తీసుకువెళ్ళాను. మేస్త్రీ మ్యాటు ఎత్తి స్క్రూడ్రైవరుతో నొక్కగానే అది రేకులో నుంచి నేల మీదికి దిగింది. "సార్, సైలెన్సర్ పైపు ఈడ పగిలుండాది. పొగంతా ఈ బొక్కల్లో నుంచి లోపలికే వస్తాండాది" అన్నాడు. నేను ఏడాది పాటు చేయలేని రోగనిర్ణయం అతను ఒక్క నిమిషంలో చేశాడు.

ఆ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. సాధారణ ఆక్సీమీటరు దానిని ఆక్సిజన్‌గానే లెక్కిస్తుంది; నాకు 98 కనబడింది అందుకే. స్వచ్ఛమైన గాలిలో సగం విషం దిగడానికే నాలుగైదు గంటలు పడుతుంది. రక్తహీనత, గుండె జబ్బు ఉన్నవారికి, గర్భిణులకు, పసివారికి ముప్పు ఎక్కువ. కారు ఎక్కితే వచ్చి, దిగిన కొన్ని గంటలకు తగ్గే తలనొప్పి, అదీ ఒకరికి మించి ఉంటే, మాత్ర వేయడానికి ముందు కారు కింద చూడండి. వెళుతున్న కారు వెనుక గాలి పీడనం తగ్గుతుంది కనుక, డిక్కీ మూత సరిగా మూసుకోకపోయినా పొగ లోపలికి లాగబడుతుంది.

పైన రేకు ముక్క అతికి తారు పూయిస్తే చవకగా పోతుందని ఒకరు సలహా ఇచ్చారు. చీము తీయకుండా కుట్టు వేయడం వంటిదే అది. పైగా అంబాసిడర్‌కు విడి ఛాసిస్ లేదు. నేల రేకే కారుకు వెన్నెముక. పెట్రోలు ట్యాంకు ఊడదీసి దూరంగా పెట్టించాము. కోసినప్పుడు బాడీ కుంగకుండా తలుపుల చోట కమ్మీలు అడ్డంగా బిగించారు. గట్టి ఇనుము తగిలేదాకా కోసి, 18 గేజి రేకు వంచి అతికారు. జింకు పూత రేకు వద్దన్నాను. దానిని వెల్డింగు చేస్తే వచ్చే పొగ పీల్చినవారికి కొన్ని గంటల తరువాత చలిజ్వరం వస్తుంది. మలేరియా అనుకొని నా దగ్గరకు వచ్చిన వెల్డర్లు లేకపోలేదు.

పనిలో సహాయకుడి చేయి తుప్పు రేకుకు తెగింది. ధనుర్వాతం తుప్పులో పుట్టదు. దాని క్రిమి మట్టిలో, పేడలో ఉంటుంది. ఆ రేకుకు వరద ఒండ్రు ఇంకా అంటుకొనే ఉంది. గాయం సబ్బునీటితో కడిగించాను. చివరి టీకా ఎప్పుడు వేయించుకున్నాడో అతనికి గుర్తు లేదు కనుక ఆ రోజే వేయించాను.

సైలెన్సర్ పైపు కూడా కొత్తది. మొన్న చలికాలంలో అద్దాలు మూసుకొనే తిరుపతి వెళ్ళి వచ్చాము. నా శ్రీమతి మాత్ర అడగలేదు. మనవడు దారి పొడవునా ప్రశ్నలతో నన్ను విసిగించాడు. తిరిగి వస్తూ కోడూరులో కారు ఆపించి, ఆమె ఒక అరటిగెల బేరమాడి కొన్నది. దానిని కొత్త డిక్కీలో పెట్టుకొని ఇల్లు చేరాము.