తెల్ల సీట్ల జీపు

నా ప్రాజెక్టు గురించి మా మేనేజర్‌కి తెలిసినదానికన్నా నాకు కార్ల గురించి తెలిసిందే ఎక్కువ. ఆఫీసులో బిల్డ్ నడుస్తున్నంతసేపూ పక్క ట్యాబులో ఏదో ఒక బండి రివ్యూ నడుస్తూనే ఉంటుంది. అలాంటిది 2024 పంద్రాగస్టుకి మహీంద్రా వాళ్ళు ఐదు తలుపుల థార్ రాక్స్ బయటపెడితే ఊరుకుంటానా? షోరూముకి బండి వచ్చిందని తెలిసిన శనివారమే బయల్దేరాను. కంటి పరీక్ష కోసం ఊర్నుంచి వచ్చిన మా నాన్నని కూడా తీసుకెళ్ళాను. అసలు కథంతా అక్కడే మొదలైంది.

మా నాన్న పదిహేనేళ్ళు జీపు తోలాడు. పాడేరు నుంచి హుకుంపేట, జి.మాడుగుల వైపు సంతలకి మనుషుల్నీ, మూటల్నీ, మేకల్నీ, కోళ్ళనీ ఎక్కించుకుని వెళ్ళే కమాండర్ జీపు. సెకండ్ హ్యాండుది. రాసిచ్చిన సీట్లు ఎన్నో నాకు తెలీదు గానీ, లోపల పన్నెండు మంది, పైన కొందరు, వెనక వేలాడుతూ ఇంకొందరు మామూలే. 2013లో నాకు వైజాగ్‌లో ఇంజనీరింగ్ సీటొచ్చినప్పుడు ఆ జీపు అమ్మేశాడు. కాబట్టి మా ఇంట్లో జీపు అంటే వట్టి బండి కాదు. కనీసం నేనలా అనుకునేవాణ్ణి.

తెలియనివాళ్ళ కోసం కాస్త చరిత్ర. 1947లో విల్లీస్ జీపుల్ని విడిభాగాలుగా తెప్పించి ఇక్కడ బిగించడంతో మహీంద్రా జీపుల కథ మొదలైంది. థార్ అనే పేరు 2010లో వచ్చింది. అది దాదాపు పాత జీపే, వెనక ఎదురెదురు బెంచీ సీట్లు, పైన గుడ్డ టాపు. 2020లో దాన్ని పూర్తిగా కొత్తగా కట్టారు. మూడు తలుపులు, టచ్ స్క్రీను వచ్చేశాయి. అయితే వెనక సీటుకి వెళ్ళాలంటే ముందు సీటు మడిచి సర్కస్ చెయ్యాలి. పెళ్ళయినవాళ్ళందరూ అక్కడే ఆగిపోయారు :-) ఆ లోటు తీర్చిందే రాక్స్. రెండు చక్రాల మధ్య దూరం 2450 మిల్లీమీటర్ల నుంచి 2850కి పెంచారు. ఆ నలభై సెంటీమీటర్లలోనే వెనక తలుపులు, కాళ్ళు చాపుకునే చోటు, సామాను చోటు అన్నీ వచ్చేశాయి.

షోరూములో జాతర. సగం మంది మెడలో ఐడీ కార్డులతోనే ఉన్నారు. నలుగురు పిల్లలు లోపలికెక్కి సన్‌రూఫ్ మీట నొక్కుతున్నారు. ఎరుపు రంగు బండి, ప్రదర్శనకి పెట్టింది పై వేరియంటు. ఫొటోల్లో చూసినదానికన్నా పెద్దది. చతురస్రంగా, బరువుగా, ఎవరికీ దారివ్వనట్టు నిలబడి ఉంది. నిజం చెప్పొద్దూ, చూడగానే కొనేద్దామనిపించింది.

మా నాన్న ముందు వెనక తలుపు దగ్గర కాసేపు తడుముకున్నాడు. దాని హ్యాండిల్ తలుపు మధ్యలో ఉండదు, వెనక స్తంభం మీద నిలువుగా ఉంటుంది. తలుపు తీసి, లోపలికి చూసి ఆగిపోయాడు.

"ఏటిరా ఇది? సీట్లు తెల్లగున్నాయి?"

"అదే స్టైల్ అంకుల్" అన్నాడు సేల్స్ కుర్రాడు.

"స్టైలు బాగానే ఉంది బాబూ. ఎర్ర మట్టి తొక్కినోడు ఎక్కితే ఎవరు కడగాల?"

కుర్రాడి దగ్గర దానికి జవాబు లేదు. ఆ ప్రశ్న మా నాన్నదొక్కడిదే కాదని నెల తిరక్కుండానే తెలిసింది. దేశమంతా ఆ తెల్ల సీట్ల మీదే గోల. సెప్టెంబరులో ఫోర్ వీల్ డ్రైవ్ ధరలు ప్రకటించినప్పుడు, వాటికి మోకా బ్రౌన్ రంగు లోపలి భాగం కూడా ఇస్తామన్నారు.

ఆ తర్వాత మా నాన్న చేసిన పనికి నాకు కొంచెం సిగ్గేసింది. తుండుగుడ్డ నేల మీద పరిచి, మోకాళ్ళ మీద కూర్చుని, బండి కిందకి తొంగిచూశాడు. చుట్టుపక్కల వాళ్ళంతా మమ్మల్నే చూస్తున్నారు.

"చాసీ ఉందిరా. గట్టిదే. కమాన్ కట్టలేవీ?"

లేవన్నాను. వెనక కాయిల్ స్ప్రింగులు, ఇరుసుని అటూ ఇటూ పోకుండా పట్టుకోడానికి వాట్స్ లింకేజీ ఉంటాయని నాకు తెలిసిందంతా చెప్పాను. జీపు అసలు స్వభావం పోయిందని ఆయన బాధపడతాడేమో అనుకున్నాను. ఎందుకంటే నా బాధ అదే. సన్‌రూఫ్, గాలి వచ్చే సీట్లు, దానంతటదే బ్రేకు వేసే కెమెరాలు... ఇదేం జీపు? ఫ్రెండ్స్ అందరితో ఇదే వాదన నాది.

ఆయన లేచి మోకాళ్ళు దులుపుకుంటూ, "బతికించారు" అన్నాడు. "ఆ కమాన్లే నా నడుం తినేశాయి."

తర్వాత నేను ఫోర్ వీల్ డ్రైవ్ గురించి మొదలెట్టాను. రాక్స్‌లో అది డీజిల్‌కి మాత్రమే ఉంది, పెట్రోల్ బండ్లన్నీ వెనక చక్రాలతో నడిచేవే. తీసుకుంటే ఫోర్ వీలే తీసుకోవాలి, లేకపోతే అది థార్ ఎలా అవుతుంది అని నా సిద్ధాంతం. "నీ జీపుకి ఫోర్ వీల్ ఉండేది కదా నాన్నా, ఆ లివర్ ఎప్పుడు వేసేవాడివి?" అని అడిగాను.

"మన జీపుకి ఫోర్ వీల్ ఎక్కడుందిరా? అది టూ వీలే."

ఇన్నేళ్ళూ నాకీ సంగతి తెలీదు. వానాకాలంలో, తారు లేని రోడ్ల మీద, అంత మందితో, రెండు చక్రాల బలంతో ఎలా ఎక్కించేవాడు? అడిగితే నవ్వాడు. "దిగబడితే ఎక్కినోళ్ళే దిగి తోసేవోళ్ళు. అప్పట్లో ఫోర్ వీలంటే వెనక తోసే నలుగురేరా."

నేను హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద తిరగడానికి ఫోర్ వీల్ కావాలంటున్నాను. 158 కిలోమీటర్ల ఆ రోడ్డు మీద దిగబడటానికి బురద ఎక్కడా లేదు.

ఇంటికొస్తున్నప్పుడు, పదకొండేళ్ళుగా గొంతులో ఉన్న మాట ఎట్టకేలకి అడిగేశాను. "నా ఫీజు కోసం జీపు అమ్మినప్పుడు బాధేసిందా?" నా మనసులో ఒక సినిమా ఉండేది. ఆయన తాళాలు ఎవరికో ఇచ్చేసి, మలుపు దాకా జీపునే చూస్తూ నిలబడినట్టు. నేను ఏనాటికైనా కొత్త జీపు కొని ఇంటి ముందు పెట్టి ఆ బాకీ తీర్చేసినట్టు.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "ఆ రాత్రి హాయిగా పడుకున్నాన్రా" అన్నాడు. "పైన కూర్చున్నోడు ఎక్కడ జారిపోతాడో అని పదిహేనేళ్ళు భయపడ్డాను. ఘాట్‌లో మలుపు తిరిగినప్పుడల్లా తలలు లెక్కపెట్టుకునేవోణ్ణి. నీ ఫీజు ఒక వంక."

నాకు ఏం చెప్పాలో తోచలేదు. నేను త్యాగం అనుకున్నది ఆయనకి విడుదల. నేను జీపు అనుకుని ప్రేమించింది ఆయన భయాన్ని.

అప్పట్నుంచి "నిజమైన జీపు అంటే కష్టంగానే ఉండాలి" అనేవాళ్ళని చూస్తే నాకు నన్ను నేను చూసుకున్నట్టుంటుంది. ఆ కష్టంతో బతికినవాళ్ళెవరూ ఆ మాట అనరు. ఆ మాట అనేది ఏసీలో కూర్చుని కోడ్ రాసే నాలాంటివాళ్ళు. రాక్స్‌లో అన్ని వేరియంట్లకీ ఆరు ఎయిర్‌బ్యాగులున్నాయి. 2024 నవంబరులో భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలో ఐదు స్టార్లు వచ్చాయి. ఆ ఐదు స్టార్లు జీపుతనానికి మచ్చ అనిపిస్తే, ఒక్కసారి కమాండర్ టాపు మీద కూర్చుని ఘాట్ ఎక్కి రావాలి.

సెప్టెంబరులో టెస్ట్ డ్రైవ్ చేశాను. ఎత్తుగా కూర్చోవడం, ఎదుటివాడి బండి టాపు కనిపించడం బాగుంది. లాడర్ ఫ్రేమ్ బండికి ఉండే ఊపు ఉంది, కానీ మూడు తలుపుల దానితో పోలిస్తే వెనక సీటులో మనిషిలా కూర్చోవచ్చు. డీజిల్ ఆటోమేటిక్ చాలా హుషారు. ఒక్క మాటలో, నాకు నచ్చింది.

ఇక లెక్కలు. అప్పట్లో రాక్స్ ధర 12.99 లక్షల నుంచి మొదలు, ఫోర్ వీల్ 18.79 లక్షల నుంచి. లైఫ్ టాక్సు, ఇన్సూరెన్సు కలిపితే ఫోర్ వీల్ ఇరవై రెండు దాటుతోంది. పదిహేను లక్షలు అప్పు తీసుకుంటే, 9 శాతం వడ్డీకి, ఐదేళ్ళపాటు నెలకి 31 వేల పైచిలుకు. జీతంతో కట్టలేనిదేం కాదు. కానీ ఆ నెలలోనే మా టీములో ముగ్గుర్ని ఒక్క మీటింగుతో ఇంటికి పంపేశారు. అందులో ఒకడు నా పక్క సీటువాడు, అంతకుముందు దసరాకే కొత్త కారు కొన్నాడు.

ఫోన్లో నాన్నకి చెప్పాను. ఆయన ఒక్కటే అన్నాడు. "బండి కంతు బండే కట్టుకోవాల్రా. మనిషి కట్టాల్సొస్తే అది బండి కాదు, పిల్లాడు. పెంచగలవా చూసుకో."

అక్టోబరు 3న ఉదయం 11 గంటలకి బుకింగులు తెరిచారు. మొదటి గంటలో 1,76,218 బుకింగులు వచ్చాయని కంపెనీ ప్రకటించింది. నేను పేజీ తెరిచి, రంగు కూడా ఎంచుకుని, స్టాండప్ కాల్ వస్తే మూసేశాను. తర్వాత మళ్ళీ తెరవలేదు.

2025 సంక్రాంతికి వైజాగ్‌లో రెండు రోజులకి ఒక రాక్స్ అద్దెకి తీసుకున్నాను. టూ వీలే. నాన్నే తోలాడు. పాడేరు ఘాట్ మొత్తం ఏసీ ఆపలేదు, అద్దాలు దించలేదు. ప్రతి మలుపులోనూ అద్దంలోకి చూస్తున్నాడు. వెనక సీటులో అమ్మా, నేనూ, అంతే. అయినా లెక్కపెడుతూనే ఉన్నాడు. ఎక్కేముందు డ్రైవర్ సీటు మీద తుండుగుడ్డ పరిచాడు. పైకెళ్ళి దిగాక దాన్ని తీసి దులిపి, సీటు తెల్లగానే ఉందని నాకు చూపించాడు.

ఆ తర్వాత 2025 సెప్టెంబరులో పెద్ద కార్ల మీద జీఎస్టీ 40 శాతానికి దిగి ధరలు కొంత తగ్గాయి. నాకు మళ్ళీ దురద మొదలైంది. కొనేవాళ్ళకి నా సలహా రెండే. ఫోర్ వీల్ తీసుకుంటే బ్రౌన్ సీట్లు చూడండి. డబ్బు కట్టేముందు ఇంట్లో పెద్దవాళ్ళని ఒకసారి వెనక సీటులో కూర్చోబెట్టి, ఊరికే వాళ్ళు చెప్పేది వినండి. నా బండి నిర్ణయం మాత్రం, ఆ 31 వేలూ ఏడాదిపాటు విడిగా పక్కన పెట్టగలిగానో లేదో చూసుకున్నాకే. ఇప్పటికి నాలుగు నెలలు పెట్టాను.