కసాయివాళ్ల వీధిలో ఒక ఇల్లాలు

మా అమ్మాయి పట్టా పుచ్చుకుంటుంటే చూడడానికి ఇంగ్లండు వెళ్ళొచ్చానని చెప్పాను కదా. తను చదివింది యార్క్‌లో. ఉత్తరాన చుట్టూ కోటగోడ ఉన్న చిన్న ఊరు.

వెళ్ళిన నాలుగో రాత్రే ఇద్దరికీ మాటామాటా వచ్చింది. "నాన్న నలుగురిలో కసురుతుంటే నువ్వెందుకు నోరెత్తవమ్మా?" అంది. "మీ కోసమేగా ఊరుకున్నది" అన్నాను. "మమ్మల్ని అడ్డం పెట్టుకోకు" అనేసి పడుకుంది.

పొద్దున్నే తనకి పనుందని నన్ను ఎగ్జిబిషన్ స్క్వేర్ దగ్గర దింపింది. అక్కడ 1951 నుంచీ ఆ ఊరివాళ్ళే పైసా పుచ్చుకోకుండా ఊరు తిప్పి చూపిస్తారట. నా ఇంగ్లీషుతో ఒక్కదాన్నీ ఎలాగరా దేవుడా అనుకుంటూ గుంపులో వెనకాల నిలబడ్డాను.

గైడు తెల్లజుట్టు పెద్దాయన. నిదానంగా మాట్లాడడంతో నాకూ అర్థమైంది. అక్కడ వీధిని 'గేట్' అంటారు, కోట ద్వారాన్ని 'బార్' అంటారు! గోడమీద నడిపించాడు. మిన్‌స్టర్ చర్చిలో టెన్నిస్ కోర్టంత రంగు అద్దాల కిటికీ ఉందనీ, అది 1408లో పూర్తయిందనీ చెప్పాడు.

చివరికి షాంబుల్స్ అనే ఇరుకు సందులోకి వచ్చాం. ఒకప్పుడు కసాయివాళ్ల వీధి. మాంసం వేలాడదీసిన కొక్కేలు ఇంకా ఉన్నాయి. మార్గరెట్ క్లిథరో అనే కసాయి భార్య ఇక్కడే కాపురం చేసిందట. కేథలిక్ మతగురువులకి ఆశ్రయమివ్వడం నేరమైన రోజుల్లో వాళ్ళని ఇంట్లో దాచింది. పట్టుబడ్డాక నేరం చేశానని గానీ, చేయలేదని గానీ చెప్పనంది. చెబితే విచారణ జరుగుతుంది, పిల్లలచేత సాక్ష్యం చెప్పిస్తారు. అందుకని నోరు విప్పలేదు. 1586 మార్చి 25న ఆమె మీద తలుపు వేసి, దానిమీద బరువులు పేర్చి చంపేశారు.

నాకు కాళ్ళాడలేదు. ఆవిడా పిల్లల కోసమే మౌనంగా ఉంది. కానీ అది ఎదురు తిరిగిన మౌనం. మరి నాది?

"ఎవరైనా ఏమైనా అడుగుతారా?" అన్నాడు గైడు. ఎప్పుడూ లేనిది చెయ్యెత్తాను. "ఆమె పిల్లలు ఏమయ్యారు?" కూతురు యాన్ సన్యాసిని అయిందట, కొడుకులు మతగురువులయ్యారట. "మంచి ప్రశ్న" అన్నాడు. అంతమందిలో నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

సాయంత్రం అమ్మాయి టీ పెడుతుంటే చెప్పాను. "రాత్రి సగమే నిజం చెప్పానే. మీ కోసం కొంత, భయం కొంత. భయమే ఎక్కువ."

తను ఏమీ అనలేదు. టీ కప్పు నా చేతికిచ్చి, పక్కన ఆనుకుని కూర్చుంది.

ఇంటికొచ్చి మూడు వారాలైంది. మొన్న చుట్టాల ముందు ఆయన కసిరితే, "అలా మాట్లాడకండి" అన్నాను. గొంతు వణికింది. అయినా అన్నాను.